మైనం పూయని తొట్టి

ముందు పోయినవి చెబుతాను. పన్నెండు వందల నలభై కిలోల ద్రాక్ష. అందులోంచి దిగిన ఎనిమిది వందల లీటర్ల రసం. పద్నాలుగు మట్టి కాగుల్లో పన్నెండు. మూడు వందల పది తీగలు, వేళ్లతో సహా. నిమ్మ ఉప్పు నాలుగు పొట్లాలు కూడా పోయాయి కాని, అవి మా బావమరిది కొన్నవి. వాటిని నేను ఈ లెక్కలో కలపను. మనుషుల మధ్య పోయినదానికి కొలత ఉండదంటారు. నా దగ్గర ఉంది. ఆ ఏడాది ఎండాకాలం నుంచి ఇవాళ్టిదాకా మా బావమరిది నాతో మాట్లాడిన మాటలు పదకొండు. అందులో నాలుగు మా మామ పోయిన రోజు, పెట్టె ఎత్తేటప్పుడు అన్నవి: "బావా, ఆ పక్క పట్టుకో."

నేను ఆ కొండకు ఇల్లరికం వచ్చినవాణ్ని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు, మా బావమరిదికి ఆరు. మా మామకు లేకలేక పుట్టిన కొడుకు. వాడు ఎదిగేదాకా తోట చూడటానికి ఒక మగమనిషి కావాలి కాబట్టి కూతురికి నన్ను చేసుకున్నారు. ఏడో తరగతితో బడి మానేసి, నరసరావుపేటలో పత్తి మిల్లు కాటా దగ్గర నిలబడి లెక్కలు నేర్చుకున్నవాణ్ని. వాడు ఎదిగాక నేనేమవుతానో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాల్సింది.

తోట మాచర్ల అవతల కొండ వాలులో ఉంది. ఎకరన్నర. రాళ్లు పేర్చి కట్టిన ఏడు మెట్లు, మెట్టు మెట్టుకూ పందిరి, మొత్తం ఆరు వందల ఇరవై తీగలు. మా మామ తండ్రికి ఎప్పుడో ఒక తెల్ల ఫాదర్ ఇచ్చిన కొమ్మల నుంచి పెరిగినవట. కాయ బఠాణీ గింజంత. తోలు మందం, గింజ పెద్దది, పులుపు ఎక్కువ. సంతలో తట్ట పెడితే జనం ఒక పండు నోట్లో వేసుకుని, ఉమ్మేసి పోతారు. ఆ పండు పనికొచ్చేది ఒక్కదానికే, మా చర్చి గుడిలో పూజకు వాడే ద్రాక్షారసానికి.

ఆ రసం చేసుకోవడానికి మాకొక సర్కారు అనుమతి కాగితం ఉంది. మా విచారణ గురువు, అంటే మా గుడి ఫాదర్, ఏటా 'వీళ్లు పూజకే చేస్తున్నారు, వీళ్ల రసం మేము వాడుతున్నాం' అని రాసిస్తేనే అది నిలుస్తుంది. ఆయన రాయాలంటే, ఏటా ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం లోపల నిరుడు చేసిన రసం అరవై లీటర్లు గుడికి ఉచితంగా చేరాలి. అది మా మామ తండ్రి మొక్కు. మిగతాది చుట్టుపక్కల విచారణల గుళ్లు తీసుకుంటాయి. అరవై చేరకపోతే కాగితం లేదు, కాగితం లేకపోతే రసం లేదు, రసం లేకపోతే ఆ పుల్లటి కాయలను కోతులు కూడా ముట్టవు. తోట మొత్తం ఆ అరవై లీటర్ల మీద నిలబడి ఉంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు, మా బావమరిదితో సహా.

చేసే పద్ధతి మా మామదే. అక్టోబరులో కత్తిరింపు, ఫిబ్రవరి చివర కోత. కాయ తీపి చూసి కోయడు. గింజ కొరికి చూస్తాడు. గింజ వేరుశనగ పప్పులా పటుక్కుమంటే కోత, జిగురుగా సాగితే ఇంకో నాలుగు రోజులు. నేను వచ్చిన మూడో ఏడాది ఒక హైడ్రోమీటరు తెప్పించుకున్నాను. గాజు పుల్ల లాంటిది. రసంలో వేస్తే తేలుతుంది, ఎంత తేలిందో చూసి తీపి ఎంత ఉందో చెప్పొచ్చు. పదహారేళ్లు ఆయన గింజ కొరికిన రోజునే నేను పుల్ల ముంచి రాసుకున్నాను. పద్నాలుగుసార్లు ఆయన చెప్పిన రోజే సరైన రోజు. రెండుసార్లు నేను చెప్పిన రోజు.

తెల్లవారుజామున కోసి, ఎండ ఎక్కకముందే కొండలోకి తవ్విన రాతి గదికి చేరుస్తాం. బయట నిప్పులు కురిసినా ఆ గది ఇరవై ఏడు డిగ్రీలు దాటదు. వెదురు తట్టల మీద రుద్ది తొడిమెలు తీసి, కాళ్లు కడుక్కుని తొక్కి, తోలూ గింజా రసంతోపాటే కాగుల్లో పోస్తాం. పంచదార వేయం, పులియడానికి ఏ మందూ వేయం. పండు తోలు మీద ఉండే బూడిదే పులియబెడుతుంది. తొమ్మిది రోజులు రోజుకు మూడుసార్లు కర్రతో తోలు కిందికి నొక్కడం, తర్వాత గుడ్డలో పిండి మళ్లీ కాగుల్లోకి, మూతకు మైనం. పూజ రసంలో ద్రాక్ష తప్ప ఇంకేదీ కలవకూడదు. ఒక్క చెంచా కలిసినా అది పూజకు చెల్లదు. మా మామ పంచదార సంచీని కూడా ఆ గది గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

కాగులు మెడదాకా భూమిలో పాతినవి, పద్నాలుగు. ఒక్కోటి ఎనభై లీటర్లు. ఏటా కోతకు ముందు కడిగి, ఎండబెట్టి, లోపల తేనెమైనం కరిగించి పూస్తారు. కాగుకు నాలుగు వందల గ్రాములు. మొత్తం ఐదు కిలోల ఆరు వందలు.

మా బావమరిది మాచర్లలో నాపరాయి పాలిష్ పట్టే చోట ఐదేళ్లు పనిచేసి వచ్చాడు. వచ్చిన నెలకే కాగుల మీద పడ్డాడు.

"ఇంకెన్నాళ్లు బావా ఈ కుండల కాపరం? ఊరంతా బంగారం లాంటి రాయి పెట్టుకుని."

"మీ నాన్నని అడిగావా?"

"ఆయన్నడిగితే ఏమంటాడు, మన్ను, మైనం అంటాడు. నువ్వు లెక్కెయ్యి. నువ్వు సరేనంటే ఆయన కాదనడు. నీ లెక్కంటే ఆయనకి చానా గురి."

ఆ మాటకు నేను పడిపోయాను. అది రాయడానికి నాకు ఇష్టం లేదు కాని, అది రాయకపోతే మిగతా లెక్క తప్పవుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో నా లెక్క కావాలని వాడు అడగడం అదే మొదటిసారి.

కాగుల బదులు కట్టే నాపరాయి తొట్టి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. నలభై ఎనిమిది ఘనపుటడుగులు. పదమూడు వందల యాభై లీటర్లకు కాస్త పైన. మా పంట అంతా ఒక్కదాంట్లో పడుతుంది. బండలు వాడే తెచ్చాడు, అద్దంలా పాలిష్ పట్టినవి. సందుల్లో సిమెంటు. కావలసిన సామాను జాబితా మా మామ చెప్పి నాతో రాయించాడు. చివర మైనం అన్నాడు. నేను రాసి, కొట్టేశాను.

"మైనం కొట్టేశావేంది అల్లుడూ?"

"మైనం కారకుండా ఉండటానికే కదా మామా. మన్ను పీలుస్తుంది. రాయి పీల్చదు."

"మా నాయన పూశాడు. నేనూ పూశాను."

"మీరు మట్టికి పూశారు."

మా బావమరిది నవ్వి, "రాయికి మైనమేందయ్యా, పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు" అన్నాడు. నేనూ నవ్వాను. మేమిద్దరం కలిసి నవ్వింది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

ఇరవై ఒక్క రోజులు తొట్టిని నీళ్లతో పరీక్షించాను. పక్కన ఒక బేసిన్‌లో కూడా నీళ్లు పెట్టి, ఆవిరైపోయేది ఎంతో విడిగా కొలిచాను. రోజూ ఉదయం ఏడింటికి స్కేలు పెట్టి రాశాను. తొట్టిలో దిగింది, బేసిన్‌లో దిగింది సమానం. ఒక్క చుక్క కారలేదు. ఇరవై రెండో రోజు కాగితం అడుగున 'తొట్టి సరి' అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం మా బావమరిది ఇప్పటికీ దాచుకున్నాడు. నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా ఎవరికో ఒకరికి చూపిస్తాడట.

సంతకం అయిన మర్నాడే, ఎవరినీ అడగకుండా, పన్నెండు కాగులు తవ్వించి హైవే మీద కొత్తగా పెట్టిన హోటలుకు ఇచ్చేశాడు, పూలమొక్కలు వేసుకోవడానికి. మిగిలిన రెండూ మా ఇంటావిడ చింతపండు పోసుకోవడానికని వెనక వసారాలోకి దొర్లించుకుంది కాబట్టి మిగిలాయి.

కోత అయింది, తొక్కడం అయింది, తొట్టిలో పోశాం. గంట తిరక్కముందే గోడల వెంబడి సన్నటి బుడగలు లేచాయి.

"చూశావా బావా, కాగుల్లో అయితే రెండో రోజుకి గాని పొంగు రాదు. గంటలో వచ్చింది. రాయంటే అదీ."

నేను పుల్ల ముంచాను. సాయంత్రం మళ్లీ ముంచాను. మర్నాడు ఉదయం కూడా. అంకె కదల్లేదు. పులిస్తే తీపి తగ్గాలి, తీపి తగ్గితే పుల్ల కిందికి దిగాలి. పొంగు వస్తోంది, పుల్ల మాత్రం నిలబడ్డచోటే నిలబడింది. అంటే ఆ బుడగలు పులియడం వల్ల వచ్చినవి కావు. మరి దేనివో నాకు తెలియలేదు. వాడితో చెప్పాను.

"నీ గాజు పుల్లకి జ్వరమొచ్చిందేమో చూసుకో."

"పదహారేళ్లలో ఇట్టా ఎప్పుడూ లేదు."

"పదహారేళ్లలో మా నాన్న నిన్ను ఒక్కరోజైనా తోట నీదే అన్నాడా? ఊరికే రాసుకోవటమేగా నీ పని. రాసుకో పో."

రాసుకున్నాను. మా మామతో చెప్పలేదు. అప్పుడు చెప్పి ఉంటే మూడోవంతు పండైనా ఆ రెండు కాగుల్లోకి, ఇంట్లో ఉన్న జాడీల్లోకి తోడేవాళ్లం. అరవై లీటర్లు ఎలాగోలా దక్కేవి. ఎందుకు చెప్పలేదంటే, చెడిపోతే వాడి పేరు చెడుతుందని. అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

మూడో రోజుకు పులియడం మొదలైంది, పుల్ల దిగడమూ మొదలైంది. కాని రంగు మారింది. ఎర్రగా ఉండాల్సిన రసం నేరేడు పండు రంగుకు, తర్వాత సిరా రంగుకు తిరిగింది. తొమ్మిదో రోజు పిండి, కొలిచి, రుచి చూశాను. పులుపు లేదు. సున్నపు తేట తాగినట్టుంది. వాడూ చూశాడు. బండి తీసుకుని మాచర్ల వెళ్లాడు.

నాలుగు రోజుల తర్వాత రుచి చూస్తే పులుపు ఉంది. పోయిన పులుపు తిరిగి రాదు. అందరి ఇళ్లలోనూ పోయింది పోయినట్టే ఉంటుంది. రాతి గది వెనక ముళ్లకంచె కింద వెతికితే దొరికాయి, కిలో నిమ్మ ఉప్పు పొట్లాలు, ఖాళీవి, నాలుగు. ఏరి తెచ్చి, దులిపి, మా మామ మంచం మీద వరసగా పెట్టాను.

ఆయన కొడుకును పిలిచాడు. మా ఇంటావిడ గుమ్మంలో నిలబడింది.

"ఒరేయ్, ఇవేంది?"

"పులుపు తగ్గితే కాస్త వేశాను. ఎవరికి తెలుస్తుంది నాన్నా?"

"పొద్దున పూజలో ఫాదర్ దాన్ని పైకెత్తుతాడు గదరా. ఎత్తేది ఏందో నీకు తెలుసు. తెలిసీ ఎట్టా మోకరిస్తావు?"

"మొక్కు తప్పితే కాగితం పోద్ది. కాగితం పోతే తోట పోద్ది. నేను తోట కోసమే చేశా. ఈయన చూడు, పొట్లాలు ఏరుకొచ్చాడు, చిత్తు కాగితాలు ఏరుకునేవాడి లాగా. తొట్టి సరి అని సంతకం పెట్టిందెవరు?"

"కారదని పెట్టాను," అన్నాను.

"కారలేదుగా. మరి నీ సంతకం నిజమేగా. నీ లెక్కెప్పుడూ నిజమే. తోటే పోయింది."

మా ఇంటావిడ అప్పుడు అంది: "మీ ఇద్దరి నోళ్లూ కడగాలంటే ఆ ఎనిమిది వందల లీటర్లూ చాలవు."

పారబోయమన్నాడు మా మామ. కూలీల్ని పిలవనివ్వలేదు. మేమిద్దరమే మొయ్యాలన్నాడు. పదహారు లీటర్ల బకెట్లు, యాభై. తొట్టి దగ్గర నుంచి వాగు గుంతదాకా నూట పది అడుగులు. మోశాం. నేను ఇరవై ఏడు, వాడు ఇరవై మూడు. వాడు మధ్యలో రెండుసార్లు కూర్చున్నాడు.

ఖాళీ తొట్టి కడగడానికి దిగింది మా ఇంటావిడ. దిగి, గోడ మీద అరచెయ్యి పెట్టి రుద్దింది.

"ఏమయ్యా, ఇటు రా. ముట్టుకో."

అద్దంలా ఉండాల్సిన బండ గరుకు కాగితంలా ఉంది. రసం నిలిచిన మట్టం దాకా తెల్లగా పాలిపోయింది, దానిపైన మెరుపు అలాగే ఉంది.

"ఇది నిమ్మకాయ మచ్చ. వంటింట్లో బండ మీద నిమ్మచెక్క పెట్టొద్దని ఇరవయ్యేళ్ల నుంచి చెబుతున్నా నీకు. పెడితే నురగొచ్చి తెల్లగా దిగుద్దని. వింటివా?"

నాపరాయిని బట్టీలో కాల్చి సున్నం చేస్తారని పల్నాడులో పుట్టినవాళ్లందరికీ తెలుసు. సున్నపురాయి పులుపును తినేస్తుందని ప్రతి వంటింటికీ తెలుసు. రాయిలో పుట్టి రాయిలో పెరిగి, రాయి కోసి బతికినవాడొకడు, రోజూ ఆ బండ మీద అన్నం తిన్నవాడొకడు, ఇద్దరం కలిసి పులుపును తెచ్చి సున్నంలో పోశాం. నేను నీళ్లతో పరీక్షించాను. నీళ్లలో పులుపు ఉండదు.

మా మామ వచ్చి చూశాడు. మోకాళ్ల నొప్పితో వంగలేక, చేతికర్రతో గోడను తట్టాడు.

"మైనం పూసుంటే రసం రాయిని తాకేది కాదు గదా," అన్నాడు. నన్ను చూడలేదు.

ఐదు కిలోల ఆరు వందలు. నేను మిగిల్చింది అది.

ఆయనే ఆటోలో కొండ దిగి గురువు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మమ్మల్నిద్దర్నీ వెంట తీసుకెళ్లి, చెరో పక్కన నిలబెట్టాడు. గురువు పూజ సామాన్ల గదిలో ఉండే నోటుపుస్తకం తెచ్చి, మా పేజీ తీసి, 'బాకీ – 60 లీటర్లు' అని రాశాడు.

"వచ్చే ఏటి కాగితానికి ఈ ఒక్కసారికి రాస్తాను, మీరు నిజం చెప్పారు కాబట్టి. ఇక మీదట ఏటా ఇచ్చేది ఏటా ఇవ్వాలి. ఈ బాకీ దానికి వేరు."

"వేరేనండి," అన్నాడు మా మామ. ఆ తర్వాత మాకేసి తిరిగి, కర్రతో కొడుకును చూపించి, "కట్టి, ఉప్పు కలిపినోడివి నలభై," అని, నా వైపు చూపించి, "మైనం కొట్టేసి, బుడగలు చూసి నోరు మూసుకున్నోడివి ఇరవై. ఎవరిది వాళ్లు, ఎవరి తీగల కాయతో వాళ్లే తీర్చాలి. ఒకరిది ఒకరు తీరిస్తే నా మొక్కు కాదు," అన్నాడు.

బుడగల సంగతి ఆయనకెలా తెలుసో ఇప్పటికీ తెలియదు. నా రాత పుస్తకం చూసి ఉంటాడు. అది ఎప్పుడూ గూట్లోనే ఉండేది.

ఆ ఏడాదే తోట పంచాడు. కూతురికి మూడు వందల పది, కొడుక్కి మూడు వందల పది. మరుసటి కోతకు నేను రెండు కాగుల్లోంచి చింతపండు తీయించి, కడిగి, నా చేత్తో మైనం పూశాను. మా మామ మంచం వేయించుకుని గుమ్మంలో పడుకుని చూశాడు. అది ఆయన చూసిన ఆఖరు కోత.

మా బావమరిది తన మూడు వందల పది తీగలూ పీకించి సీతాఫలం వేశాడు. ఇప్పుడు కాపుకొచ్చాయి, బాగానే ఉన్నాయంటారు. నేను ఆ వైపు చూడను. పీకించేటప్పుడు మా ఇంటావిడ వెళ్లి అడ్డం నిలబడింది.

"బాకీ ఎట్టా తీరుస్తావురా, సీతాఫలంతోనా?"

"మీ ఆయన లెక్కేస్తాడులే అక్కా, ఖాళీయేగా ఆయన."

ఇప్పుడు మా కొండ మీద ఆ తీగలున్నది మా సగంలోనే. వాడు నలభై లీటర్లు తీర్చాలంటే తన తీగలు మళ్లీ నాటాలి, నాటాలంటే కొమ్మలు నా దగ్గరే అడగాలి. వాడు అడగడు. నేను ఇస్తాననను. అక్టోబరు కత్తిరింపులో మూడు వందల పది తీగల నుంచి పడే కొమ్మలు రెండు బండ్లవుతాయి. ఇన్నేళ్లలో ఒక్క కొమ్మ కూడా మెట్టు దాటి అటు పోలేదు. పొయ్యిలో పెడుతున్నాం.

ఏటా ఇవ్వాల్సిన అరవై మా సగంలోంచే వెళుతోంది. అది మా ఇంటావిడ మాట, దానిలో నేను వేలు పెట్టను. కాగితం నిలిచింది. పాత బాకీలో నా ఇరవై లీటర్లు తీర్చడానికి రెండేళ్లు పట్టింది. రెండో ఏడాది సీసాల్లోకి తేర్చేటప్పుడు అడుగున మడ్డి ఎక్కువ దిగి, గుడి దగ్గర గురువు కొలిస్తే అర లీటరు తక్కువైంది. ఆయన పోనిమ్మన్నాడు. నేను వద్దన్నాను, ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. ఆ అర లీటరు మా ఇంట్లో మూత వేసి, మైనం పెట్టి, సిద్ధంగా ఉంది. వాడు తన నలభై తెచ్చిన రోజున, వాడి వెనకాలే తీసుకెళ్లి ఇస్తాను. ముందు ఇవ్వను.

మొన్న మట్టల ఆదివారం నాడు గురువును అడిగి ఆ పేజీ మళ్లీ చూశాను. మా మామ పేరు కిందే ఉంది. ఇంకా కొట్టేయలేదు. వాడివి నలభై, నాది అర. బాకీ నలభైన్నర లీటర్లు.